సందర్శకుల పుస్తకంలో నా ఉద్యోగం

మూడు రోజుల్లో ఏడు సముద్రతీర పల్లెలు, పదకొండు పాత చర్చిలు. సెలవంటే విశ్రాంతి అనుకున్నాను. మావారికి సెలవంటే రాళ్ళు చూడటమని ఇరవై ఆరేళ్ళ కాపురం తర్వాతైనా నాకు తెలిసి ఉండాల్సింది. ఆయన ఆసుపత్రి ఆఫీసులో సెక్షన్ హెడ్డుగా చేసి నిరుడు రిటైరయ్యారు. నేను అదే ఆసుపత్రిలో నర్సుని. సోమవారం నుంచి పిల్లల వార్డుకి హెడ్ నర్సుని. ఆ సోమవారం కోసం పద్దెనిమిదేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. కారులో అద్దం దించితే ఆయన మ్యాపులు ఎగిరిపోతాయట, అందుకని దించనివ్వరు. ఊపిరాడక చస్తూ, సోమవారాన్ని తల్చుకుంటూ నెట్టుకొచ్చాను.

ఆ పదకొండులో ఎనిమిదోది అసలు చర్చే కాదు, ఒడ్డున కొండలో తొలిచిన గుహ. తొలినాటి క్రైస్తవులు సైనికులకు భయపడి అందులో దాక్కుని ప్రార్థన చేసుకునేవారట. నడుం వంచితే తప్ప లోపలికి దూరలేం. లోపల గోడ మీద వాళ్ళ రహస్య గుర్తుగా గీసిన చేప, ఒక రాతి బల్ల, తాళంచెవుల గుత్తి పట్టుకుని కూర్చున్న మామ్మ. బల్ల మీది పుస్తకంలో వచ్చినవాళ్ళు పేరు, ఊరు, వృత్తి రాయాలి. మా ఇద్దరివీ ఆయనే రాశారు. కాగితాల పని నా చేత ఎప్పుడు చేయనిచ్చారు గనక! ఇంట్లో ఏ ఫారమైనా ఆయనే నింపి, నా సంతకం కావాల్సిన చోట పెన్సిలుతో టిక్కు పెడతారు. నేను స్టవ్ దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, టిక్కు కనిపించిన చోటల్లా గీకేసి పోతాను.

ఊరికే తొంగిచూశాను. నా పేరు పక్కన ‘రిటైర్డ్ నర్సు’ అని ఉంది.

"మతిపోయిందా ఏంటి? రిటైరైంది మీరండీ!" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. కలానికి మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నా. మొన్న లీవు కాగితాలతో పాటు అదీ ఇచ్చాను. నువ్వే సంతకం పెట్టావుగా."

"ఏది?"

"స్వచ్ఛంద పదవీ విరమణ. సోమవారం ఆర్డరిస్తారు." ఆయన కలాన్ని జేబులో పెట్టుకున్నారు. "పొద్దస్తమానం ఆ ఇంట్లో ఒక్కణ్ణే గోడలు చూస్తూ కూచోలేకపోతున్నానే. హెడ్ నర్సువైతే ఇక ఇంటి మొహమే చూడవు."

కోపంతో ఒళ్ళు మండిపోయింది. వంచిన నడుం ఎత్తబోతే తల పైకప్పుకి కొట్టుకుంది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. నాకు జాలి వెయ్యలేదు. కానీ వేస్తుందని తెలుసు, కారెక్కాక ఏ పదో చర్చి దగ్గరో తప్పకుండా వేస్తుంది. నా భయమంతా దాని గురించే. ఆర్డరు రాలేదు కాబట్టి మా పైఅధికారి మేట్రన్‌కి ఒక్క మాట చెబితే ఆగుతుంది. ఆ జాలి ముంచుకు రాకముందే చెప్పెయ్యాలని ఫోను తీశాను. సిగ్నల్ లేదు.

"మామ్మా, ఇక్కడ ఫోను ఎక్కడ పనిచేస్తుంది?"

"కొండ పైకెళ్ళాలమ్మా. ఎక్కడానికి గంట పడుతుంది."

నేను వంగి బయటికొచ్చాను. కొండ పైకి మెట్లు నిటారుగా ఉన్నాయి. పది మెట్లు ఎక్కానో లేదో, వెనక నుంచి ఆయాసపడుతూ ఆయన గొంతు వినిపించింది.

"ఒక్కదానివే ఎలా వెళ్తావు? ఉండు, నేనూ వస్తున్నా."