రాయల్ మందార పామ్

మొక్కల వ్యాపారంలో నష్టం రెండు రకాలు. అమ్మకముందు చచ్చే మొక్క ఒకటి, అమ్మాక చచ్చే మొక్క రెండోది. మొదటిది మన నష్టం, రెండోది కొన్నవాడి నష్టం. కడియపులంకలో ముప్పయ్యేళ్లుగా నర్సరీ నడుపుతూ నేర్చుకున్న లెక్క ఇది. రెండువేల ఆరులో నాకు మూడో రకం తెలిసింది. అసలు పుట్టని మొక్క వల్ల వచ్చే నష్టం.

ఆ ఏడాది తొలకరికి, విశాఖలో లేఔట్లు వేసే ఒక కంపెనీ మూడేళ్లపాటు మొక్కలన్నీ ఒకే నర్సరీ దగ్గర కొంటామంది. ఆ నర్సరీ మాదా, రోడ్డుకు అవతల ఉన్న అచ్చిబాబుదా అన్నది తేలాలి. వాళ్ల కొనుగోళ్ల మేనేజరు బంగార్రాజు గారు పెట్టిన పరీక్ష చిన్నదే. శనివారం ఆయన వచ్చేసరికి ఒక లారీ ఎత్తించి ఉంచాలి. జాబితాలో ఏది ఉందో లారీలో అదే ఉండాలి. అంతకుముందు ఎవరో మామిడి అని రాసి జీడిమామిడి ఎక్కించారట.

జాబితా వేసే ప్రోగ్రాం నా దగ్గర ఉంది. రాజమండ్రిలో కంప్యూటర్ సెంటరు నడిపే కీర్తిప్రియ అనే అమ్మాయి చేత జావాలో రాయించాను. పామ్‌లు, పూలు, పండ్లు అని మాకు మూడు విభాగాలు, మూడు చోట్లా మూడు కంప్యూటర్లు. ఎవరి మొక్కలు వాళ్లు కొడితే ఆఫీసు కంప్యూటర్‌లో అన్నీ కలిసి ఒకే జాబితాగా తయారవుతాయి. అంతా బాగుంది కానీ, నాలుగు పేజీలు బయటికి రావడానికి పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాల్లో నేను ఒక బేరం తెంచి, ఒకణ్ని తిట్టి, టీ తాగి రాగలను.

ఈ బాధ వింటూ, కాకినాడలో కంప్యూటర్లు నేర్పే సుధాకర్ రెండు పూలకుండీలు బేరమాడుతున్నాడు.

"జాబితా కూర్చడానికి ఏం వాడిందో అడగండి. స్ట్రింగ్‌బఫర్ అయితే పాత సరుకండి. రెండేళ్ల కిందటే స్ట్రింగ్‌బిల్డర్ అని కొత్తది వచ్చింది. పని అదే, వేగం ఎక్కువ."

కొత్త సరుకు లోపల దాచి పాత సరుకు అంటగట్టడం నాకు తెలియని విద్య కాదు. వెంటనే ఫోన్ చేశాను.

"ఏమ్మా, నాకు స్ట్రింగ్‌బఫర్ వేశావా?"

"అవునండి. మీకెవరు చెప్పారండి?"

"ఎవరో చెప్పార్లే. అది తీసేసి బిల్డర్ వెయ్యి."

"రెండూ అక్షరాలు వేసుకుంటూ పోయే సంచుల్లాంటివేనండి. బఫర్ మూతి దగ్గర కాపలా ఉంటుంది. ఒకళ్లు వెయ్యడం అయ్యేదాకా రెండోవాళ్లని ఆపుతుంది. బిల్డర్‌కి కాపలా లేదు. ఒక్కళ్లే రాసేచోట అదే మంచిది. మీ దగ్గర ముగ్గురు రాస్తారు కదండి."

"ముగ్గురూ మంచోళ్లేనమ్మా."

"మంచితనం కాదండి. లారీ దగ్గర ఒకళ్లు ఒకటికి బదులు లాభం అంటూ 'లాభం, రెండు, మూడు' అని లెక్కపెడుతుంటే పక్కనుంచి ఇంకోళ్లు మొదలెడితే ఏమవుతుందండి?"

"మా దగ్గర మొదలెట్టరు. లెక్క దగ్గర ఒక్క గొంతే వినపడాలి. రెండోది వినపడితే సరుకు దింపించి మళ్లీ లాభం దగ్గర్నుంచి పెట్టిస్తాను."

"ఆయ్, ఆ పద్ధతినే బఫర్ అంటారండి."

"కాపలావాణ్ని మేపడం నాకెందుకమ్మా? తీసెయ్."

"తీసేస్తానండి. నేను వద్దన్నానని కాయితం మీద రాసివ్వండి."

రాసిచ్చాను. వ్యాపారానికి పనికొచ్చే పిల్ల.

శుక్రవారం వచ్చి మార్చింది. పామ్‌ల విభాగం చూసే వెంకటదుర్గ చేత ఒక జాబితా కొట్టించి, గడియారం పట్టుకు నిలబడ్డాను. పది నిమిషాల యాభై సెకన్లు. పది సెకన్లయినా లాభం లాభమే.

శనివారం తొందరలో మూడు విభాగాలూ ఒకేసారి కొట్టాయి. జాబితా వచ్చింది, లారీ నిండింది, బంగార్రాజు గారు వచ్చారు. మొదటి పేజీ చదివారు, లారీ చూశారు, తలూపారు. రెండూ, మూడూ అలాగే అయ్యాయి. నాలుగో పేజీ దగ్గర వేలు ఆగింది.

"రాయల్ మందార పామ్, ఆరొందల నలభై. ఇదేంటండీ దొరబాబు గారూ?"

నాకూ తెలియదు. వెంకటదుర్గ వైపు చూశాను. ఆవిడ గర్వంగా లారీ తలుపు దించింది. లోపల నలభై రాయల్ పామ్ మొక్కలు. ఒక్కోదాని చుట్టూ పదిహేనేసి మందారలు పురికొసతో బిగించి కట్టి ఉన్నాయి.

"పామ్‌లు నలభై, మందారలు ఆరొందలు తీసి పెట్టామండి," అంది నా చెవిలో. "కాయితంలో చూస్తే రెండూ విడిగా లేవు, కలిపి ఆరొందల నలభై అని ఒకటే ఉంది. లెక్క సరిపోయింది. తమరేదో కొత్త పేరు పెట్టారనుకున్నానండి."

ఆవిణ్ని అనడానికి నోరు రాలేదు. మామూలు క్రోటన్‌కి బ్యాంకాక్ గోల్డ్ అని పేరు పెట్టి రెట్టింపు ధరకు అమ్మినవాణ్ని నేను. కడియంలో నెలకో కొత్త పేరు పుడుతుంది. వింత పేరు చూసి ఉలిక్కిపడే మేస్త్రీ మా ఊళ్లో బతకలేదు.

బంగార్రాజు గారి మొహం మాత్రం వెలిగిపోయింది. "పామ్‌కి మందారాలు పూస్తాయా! మా ఎండీ గారు గేటు దగ్గరికి ఇలాంటిదే వెతుకుతున్నారండి. ఒక్కోటి ఎంత?"

"ముప్పై," అన్నాను. ధర అడిగితే నా నోరు నన్ను అడగదు.

ఆయన ధర సరిచూసుకోడానికి నేరుగా రోడ్డు దాటి అచ్చిబాబు దగ్గరికి వెళ్లారు. ఈలోగా, మార్పు ఎలా నడిచిందో చూద్దామని కీర్తిప్రియ వచ్చింది. నాలుగో పేజీ చూసి నెత్తి పట్టుకుంది.

"పామ్‌ల వరుసా, మందారల వరుసా ఒకే క్షణంలో సంచిలో పడ్డాయండి. ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. ఆరొందల్లోని ఆరు పక్కకి నలభై వచ్చి చేరింది. ఈ మొక్క లోకంలో లేదండి."

"గట్టిగా అనకు. ధర చెప్పేశాను."

బంగార్రాజు గారు తిరిగొచ్చారు. "అచ్చిబాబు గారు పాతికకే ఇస్తానంటున్నారు, ఏడాదికి వెయ్యి మొక్కలు. మీరూ పాతికకి దిగితే మూడేళ్ల కాంట్రాక్టు ఇప్పుడే సంతకం పెట్టేస్తానండి."

లెక్క వేశాను. ఒప్పుకుంటే కాంట్రాక్టు నాది, కానీ మూడేళ్లలో మూడువేల అబద్ధాలకు నీళ్లు పొయ్యాలి. మందారలు వేరుపడి పూస్తాయి, పామ్ పామ్‌లా పెరుగుతుంది, ఎండీ గారు గేటు దగ్గర రోజూ చూస్తారు. నిజం చెబితే జాబితా తప్పు, కాంట్రాక్టు అచ్చిబాబుది. కాకపోతే ఆ మూడువేల అబద్ధాలూ అతనివే. ఎటు చూసినా నిజమే చవగ్గా తేలింది.

"రాజు గారూ, ఆ మొక్క లేదండి. కంప్యూటర్ కన్నది. తప్పు ఈ అమ్మాయిది కాదు, నాది. వద్దంటున్నా నేనే మార్పించాను."

ఆయన కాసేపు కాయితం వైపు చూశారు, కాసేపు రోడ్డు అవతలికి చూశారు.

"మరి అచ్చిబాబు గారు రెండేళ్లుగా పెంచుతున్నాం, మొన్ననే మొదటి పువ్వు పూసిందన్నారేంటండి?"

ముందు కీర్తిప్రియ నవ్వింది. తర్వాత వెంకటదుర్గ నవ్వింది. బంగార్రాజు గారు చివరికి నవ్వారు గానీ, తొందరగానే ఆపేశారు.

"అయినా మీ జాబితా తప్పింది. తప్పిందా లేదా?"

"తప్పిందండి."

"సరుకు దింపించండి. నా ఎదురుగా ముగ్గురి చేతా ఒకేసారి కొట్టించి మళ్లీ వెయ్యండి. కలిస్తే మాట్లాడుకుందాం."

కీర్తిప్రియ బఫర్‌ను తిరిగి పెట్టింది. ముగ్గురూ ఒకేసారి కొట్టారు. ప్రింటరు గరగరమంటూ మొదలెట్టింది.

"మళ్లీ పదకొండు నిమిషాలా?" అన్నాను.

"అందులో జాబితా కూర్చడానికి పట్టేది రెప్పపాటేనండి. మిగతా అంతా ప్రింటరే. బఫరైనా బిల్డరైనా మీకు ఒకటే."

"మరి ఆ పది సెకన్లు?"

"ఆ రోజు కాయితం ఇరుక్కోలేదండి."

"ముందే చెప్పొచ్చుగా ప్రింటరని!"

"సామర్లకోటలో పాతది వెతికి మరీ బేరమాడి తెచ్చానని, మీరే నాకు రెండుసార్లు చెప్పారండి. బాధపడతారని ఊరుకున్నాను."

జాబితా వచ్చింది. రాయల్ పామ్ నలభై ఒక చోట, మందార ఆరొందలు ఒక చోట. వెంకటదుర్గ ఒక్కతే పైకి లెక్కపెడుతూ ఎక్కించింది. మిగతా వాళ్లం ఊపిరి కూడా మెల్లిగా పీల్చాం. అన్నీ కలిశాయి.

"ఒక్క ఏడాది ఇస్తాను," అన్నారు బంగార్రాజు గారు.

"మూడన్నారు కదండి."

"అది మందార పామ్ చూడకముందండి."

"రెండు చెయ్యండి."

"ఏడాది."

"ఏడాదంటే ఒకే తొలకరి వస్తుందండి. నాటేది తొలకర్లోనే. రెండో తొలకరి కూడా కలిసేలా పదహారు నెలలు రాయండి, మీకూ మేలు."

ఆయన ఆలోచించి కలం తీశారు. పదహారు అని అంకెల్లో వేసి, పక్కనే అక్షరాల్లో కూడా రాశారు.

"రెండుసార్లు ఎందుకండీ?"

"మీ ఊళ్లో అంకెలు ఒకదాంట్లో ఒకటి దూరతాయని ఇందాకే విన్నానండి."

సంతకాలయ్యాయి. మూడేళ్లకు వెళ్లి పదహారు నెలలతో వచ్చాను. పొద్దున పదింటికి కదలాల్సిన లారీ నాలుగున్నరకు విశాఖ రోడ్డెక్కింది.