మామగారి జుట్టులో బంగారం

కోడలు పనిచేసేది వెంట్రుకలో, దుమ్ములో, మట్టిలో దాగిన మూలకాల జాడ తీసే ప్రయోగశాలలో. అక్కడికి కొత్త పరికరం వచ్చింది. అది సరిగ్గా చూస్తోందో లేదో తేల్చుకోవడానికి, లోహాలతో పనిలేనివాళ్ళ జుట్టు కావాలి. ఎవరినో అడగడమెందుకని ఇంట్లోవాళ్ళనే అడిగింది. అత్తగారు మెడ దగ్గర, పైకి కనబడనిచోట, చిన్న పాయ కత్తిరించుకోనిచ్చింది. బస్సు నడిపి రిటైరైన మామగారు బట్టతల చుట్టూ మిగిలిన అంచును తడుముకుంటూ, "ఉన్న నాలుగూ నువ్వు పట్టుకుపోతే నేను దేన్ని దువ్వుకోనమ్మా?" అంటూనే తల వంచాడు.

వెంట్రుకలను చిన్న డబ్బాలో పెట్టి అణు రియాక్టర్‌లోకి పంపుతారు. అక్కడ న్యూట్రాన్లు తగిలాక ఒక్కో మూలకం తనదైన కిరణం విడుస్తుంది. గొంతు విని మనిషిని పోల్చుకున్నట్టు, ఆ కిరణాన్ని బట్టి అది జింకో ఇనుమో చెప్పేయవచ్చు. అత్తగారి జుట్టు అందరి జుట్టులాగే ఉంది. మామగారిది చూసి కోడలు కళ్ళు నులుముకుంది. బంగారం. అదీ ఉండాల్సినదానికి వందల రెట్లు. ఆయన ఒంటిమీద చూస్తే పాత స్టీలు వాచీ తప్ప ఏమీ ఉండదు.

"నీ ఉంగరం తగిలుంటుంది," అంది పై అధికారిణి.

"నేను ఉంగరం పెట్టుకోను మేడమ్."

"అయితే మిగిలిన వెంట్రుకలు కడిగి, ఆ నీళ్ళు వడగట్టి చూడు."

వడపోత పొరలు పక్క హాల్లోనే తయారవుతాయి. పల్చటి ప్లాస్టిక్ పొర గుండా అయాన్లను తూటాల్లా దూసుకుపోనిచ్చి, ఆపైన వేడి క్షారంలో నానబెడతారు. అయాన్లు పోయిన దారులన్నీ కంటికి ఆనని రంధ్రాలై, ఒకే కొలతలో తెరుచుకుంటాయి. కోడలు కడిగిన నీళ్ళు ఆ పొర మీద పోసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. గుండ్రటి రంధ్రాల మధ్య చిరిగిన కాగితం ముక్కల్లా పసుపుపచ్చటి రేకులు తళతళలాడుతున్నాయి.

రాత్రి భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేసింది. "మామయ్యా, మీ జుట్టులో బంగారం దొరికింది."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "నలభై ఏళ్ళ కాపురంలో ఈయన దగ్గర గుండుసూదంత బంగారం నాకు దొరకలేదు. నీకెక్కడ దొరికిందే?"

మామగారికి పొలమారింది. మంచినీళ్ళు తాగి, కోడలికేసి బతిమాలుతున్నట్టు చూశాడు.

"మళ్ళీ పరీక్ష చేయాలిలెండి అత్తయ్యా," అని కోడలు సర్దేసింది.

మర్నాడు సాయంత్రం ఆయన, "నడకకు వస్తావా తల్లీ?" అని పిలిచాడు. రోజూ ఆయన వెళ్ళే నడక నాలుగు వీధుల అవతల, ఫ్రేములు కట్టే దుకాణంలోనే ఆగిపోతోందని కోడలికి అప్పుడు తెలిసింది. లోపల గోడకి చేరవేసి ఓ నిలువుటద్దం ఉంది. దాని చెక్క చట్రం సగానికి పైగా బంగారు రేకుతో మెరుస్తోంది.

"మీ అత్తయ్య టైలరింగ్ షాపుకి," అన్నాడాయన సిగ్గుపడుతూ. "వచ్చేవారమే కదా తెరిచేది. రేకు అంటించడం ఈ ఫ్రేములాయన నేర్పాడు. ఇదిగో, చూడు."

వెడల్పాటి పల్చని కుంచెను తన చెవి పక్కన జుట్టుకు ఒకసారి రాసి, రేకు అంచుకు ఆనించాడు. కుంచెకు అంటిన జుట్టు జిడ్డుకు రేకు అతుక్కుని మెల్లగా పైకి లేచింది. "చేత్తో ముట్టుకుంటే చిరిగిపోతుంది. గట్టిగా ఊపిరి వదిలినా అంతే."

కోడలికి నవ్వు ఆగలేదు. ఆ ఊపిరికి రేకు ఎగిరి వెళ్ళి ఫ్రేములాయన మీసం మీద వాలింది. ఆయన కదలకుండా, "నాకిది నప్పిందా?" అని అడిగాడు. ముగ్గురూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. పోయిన రేకు పోయింది, ఆ సాయంత్రం ఇక పని సాగలేదు.

షాపు తెరిచినరోజు పొద్దున్నే అద్దం వచ్చింది. అత్తగారు దాని చుట్టూ తిరిగి చూసింది. కింద మూలలో రేకు ముడతలు పడి ఉంది. అక్కడ వేలితో నిమిరింది.

"ఇది మీరు చేశారా?"

"ఆ మూల మొదటిరోజు చేసింది. గీకేసి మళ్ళీ వేస్తాలే."

"గీకారంటే ఊరుకోను." అద్దంలోనే ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, మెడలోని కొలతల టేపు తీసింది. "ఇలా వచ్చి నిటారుగా నిలబడండి. ఈ షాపులో మొదటి చొక్కా మీకే."

ఆయన పొట్ట లోపలికి పీల్చాడు.

"వదిలేయండి. చొక్కా తొడుక్కున్నంతసేపూ పీల్చుకునే తిరుగుతారా?" అంటూ అత్తగారు టేపు రెండో కొసను కోడలి చేతికి అందించింది.