ముంతమామిడి వాసన

కరోలిన్ ఫోనులో మూడు మెయిల్ అకౌంట్లు, మూడింటికీ మూడు వాసనలు. యూనివర్సిటీ నుంచి మెయిల్ వస్తే తడిసిన అట్టపెట్టె వాసన. సొంత అకౌంటుకి వచ్చే షాపుల గోలంతా మాడిన నూనె కంపు. మూడోది గుంటూరు కన్సల్టెన్సీవాళ్లు వీసా కోసం తెరిచిచ్చింది. దానికి మాత్రం, చదువుకోవడానికి వచ్చిన ఈ విదేశీ ఊరు క్రాన్‌బర్న్ అంతా గాలించినా దొరకని ముంతమామిడి పండు వాసన. ఇంటావిడ సువర్ణకుమారి ఆంటీ పొద్దున్నే టీ కాస్తూ, వాసన పట్టి, "అమ్మాయ్, యూనివాళ్లేదో పంపారు, చూస్కో!" అని కేకేసేది.

కన్సల్టెన్సీ పిల్లలందరికీ పాస్‌వర్డ్ ఒకే తీరు: ఎవరి పేరు వాళ్లది, వెనక జీసస్, ఆ వెనక వన్ టూ త్రీ. మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు. దేవుడి పేరు చెరపడానికి ఎవరికి చేతులొస్తాయి?

నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో కరోలిన్ ఆ అకౌంటు నుంచే ఒక ఆసుపత్రికి ఉద్యోగానికి అప్లై చేసింది. అది వస్తేనే ఇక్కడ ఉండటం, లేదంటే పెట్టె సర్దుకోవడమే. అదే అకౌంటుకి కన్సల్టెన్సీవాళ్లు కెనడా వెళ్తారా, న్యూజిలాండ్ వెళ్తారా అని గంటకో మెయిల్ పంపేవారు. ముంతమామిడి వాసనకి నోరూరి, ఇల్లు గుర్తొచ్చి, చదువు సాగేది కాదు.

ఒకే గదిలో ఉండే ఎవాకి జాలేసింది. గుంటూరు నర్సింగ్ కాలేజీలో ఏడాది సీనియర్ తను. ఆ ఆసుపత్రికే తనూ అప్లై చేసింది.

"ఏంటే ఈ గోల? ఇలా ఇవ్వు. నీ ఫోన్లో సింక్ ఆపేస్తా, ఒక్క మెయిలూ దిగదు. ఆ అకౌంట్ నా ఫోన్లో పెట్టుకుంటా. హాస్పిటల్ నుంచి ఏదైనా వస్తే నేను చెప్తాగా!"

"నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని అక్కా," అంది కరోలిన్.

ఇంట్లో ఉన్నంతసేపూ ఎవా తన ఫోన్ ఆఫ్ చేసి ఉంచేది. వాసన ఆగింది. చదువు సాగింది. క్లాసులో ఒక్కొక్కరికీ ఉద్యోగాలు వస్తున్నాయి. కరోలిన్ అడిగినప్పుడల్లా ఎవా "రాలేదే," అనేది. ఒకరోజు కరోలిన్ ఏడుస్తుంటే పక్కనే మోకరించి, చేతులు పట్టుకుని ప్రార్థన కూడా చేసింది.

ఒక మధ్యాహ్నం ఎవా తలస్నానానికి వెళ్లింది. ఆఫ్ చేయడం మరిచిన ఆమె ఫోన్ వంటింటి బల్ల మీద చార్జింగులో ఉంది.

"ముంతమామిడి పళ్లెవరు తెచ్చారే?" అంది ఆంటీ.

కరోలిన్ ఎవా ఫోన్ వైపు చూసింది. వెంటనే తన ఫోన్ తీసి సింక్ ఆన్ చేసింది. ఇన్నాళ్ల వాసనా ఒక్కసారిగా మీదపడి కళ్లు మండాయి. ఆసుపత్రి నుంచి, ఉద్యోగం వచ్చిందన్న మెయిల్. జవాబేదని ఇంకో మెయిల్. సొంత కారణాల వల్ల ఈ ఉద్యోగం వద్దని, తన పేరుతో వెళ్లిన జవాబు. చివరగా, ఇప్పుడే వచ్చింది: దయచేసి ఒకసారి ఫోన్ చేయండి.

ఆ నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఆఫీసావిడ నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. అప్లికేషన్‌కి పండు వాసన ఒక్కటే ఉందట. వద్దన్న మెయిల్‌కి దాని కింద ఇంకో వాసన ఉందట: కొబ్బరినూనె, అందులో ఏదో చేదు. అందుకే ఆ జవాబు పక్కన పెట్టి, ఉద్యోగం ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపిందట. "అది ఎవరి వాసనో మీకు తెలుసా?"

మెంతులేసి కాచిన నూనె. ఎవా వాళ్లమ్మ పంపింది. ప్రతి శనివారం ఎవా తలకి కరోలినే మర్దనా చేసేది. తల నిమురుకున్న ఆ నూనె చేతులతోనే ఎవా, కరోలిన్ పేరు మీదే, కరోలిన్ బతుకు వద్దని రాసింది.

తలకి తువ్వాలు చుట్టుకుని ఎవా గుమ్మంలో నిలబడింది. చెప్పొద్దన్నట్టు తలూపుతూ, రెండు చేతులూ జోడించింది.

చర్చిలో, క్లాసులో, బస్సులో పక్కన కూర్చున్న తెల్లావిడతో సహా, ఇన్నేళ్లుగా ఎవరడిగినా కరోలిన్ ఎవాని "మా అక్క" అనే చెప్పింది.

"తెలుసండీ," అంది ఇప్పుడు. "నా రూమ్‌మేట్‌ది. పేరు ఎవా."