కనుమ మీద చెప్పిన జవాబు

చిలీలోని ఇకీకే రేవు నుంచి కొండల మీదుగా బొలీవియాకు పాత బట్టల మూటలు మోసుకుపోయే లారీ అది. మూటల మీద ముగ్గురు వెనెజువేలా వాళ్లు కూర్చున్నారు: యుస్లేది అనే అమ్మాయి, విల్కర్, ఎవుదోమార్. చిలీలో పనులు ఎండిపోయాక ఊరి దారి పట్టిన స్నేహితులు. ముద్ర పడ్డ కాగితం ఒక్కరి దగ్గరా లేదు. ఆపిన లారీ ఎక్కడం, సరిహద్దు ముందర దిగి దొంగదారిన నడవడం, ఇదీ ప్రయాణం.

ముందు రోజు ఉప్పు లారీవాడొకడు సగం కొండెక్కించి, గాలి తప్ప ఏమీ లేని చోట దించిపోయాడు. అప్పటినుంచీ ఎవుదోమార్‌కి దగ్గు.

"మరకైబో ఎండల్లో పెరిగినవాడివి కదరా, ఫ్రిజ్ తలుపు తీసినా నీకు పడిశమే," అన్నాడు విల్కర్.

"నోర్ముయ్. మీ అమ్మ నిన్ను చేపల ఐసుపెట్టెలో కన్నదేమో." నవ్వబోయి దగ్గుతో వంగిపోయాడు ఎవుదోమార్.

డ్రైవరు సెవెరో ఆ కొండల్లోనే పుట్టిన ఐమారా తెగ మనిషి. ఎక్కించుకునేటప్పుడే ఎవుదోమార్ నల్లబడ్డ పెదాలు చూశాడు.

"ఇది చలి కాదమ్మా, ఎత్తు దెబ్బ. దీనికి మందొకటే, కిందికి దిగడం. ఎదురొచ్చే లారీ ఆపి రేవుకి పంపేస్తాను."

"నేను పోను," అన్నాడు ఎవుదోమార్. "యుస్లే, ఒట్టేశావు. ముగ్గురం కలిసే ఊరికి. నన్ను మళ్లీ కిందికి తోశావో, చచ్చినా క్షమించను."

సెవెరో క్యాబిన్ తలుపు తీశాడు. "సరే. కానీ నిద్రపోనివ్వకండి. కళ్లు మూతలు పడుతున్నాయంటే క్యాబిన్ మీద కొట్టండి. ఎక్కడున్నా బండి వెనక్కి తిప్పుతాను."

నిద్ర మాట చెవిన పడి జారిపోయింది. వెనక్కి అన్న మాట మాత్రం ముగ్గురి గుండెల్లోనూ దిగబడింది.

లారీ ఎక్కుతున్నకొద్దీ ఎవుదోమార్ రొమ్ములో గంజి ఉడుకుతున్న చప్పుడు. మూలిగాడు, తల పగిలిపోతోందన్నాడు. తర్వాత మూలుగు ఆగి, కళ్లు మూతపడ్డాయి. వాళ్ల ఊళ్లో రోగికి కునుకు పడితే ఇంటిల్లిపాదీ చెప్పులు చేత పట్టుకుని నడుస్తారు. కునుకు పట్టిందంటే గండం గడిచినట్టే వాళ్ల లెక్కన. విల్కర్ చిరిగిన మూటలోంచి ఎవరో గొప్పింటావిడ వదిలేసిన బొచ్చుకోటు లాగి కప్పాడు.

"దొరసానిలా ఉన్నాడే!"

"ష్, లేపకు," అంది యుస్లేది.

కనుమ మీద రాళ్లగుట్ట దగ్గర బండి ఆగింది. సెవెరో దిగి, నేలతల్లికి సారా చుక్కలు పోసి, పైకి కేకేశాడు.

"పిల్లాడు మేలుకునే ఉన్నాడా?"

కింద నుంచి అతనికి మూటలే కనిపిస్తాయి. యుస్లేది కోటు వైపు చూసింది. బొచ్చు లేస్తోంది, పడుతోంది. నిజం చెబితే రేవుకే.

"ఉన్నాడు పెద్దాయనా! మీ డ్రైవింగుని తిడుతున్నాడు!"

విల్కర్ ఆమె మొహం చూసి, తల తిప్పుకున్నాడు.

వలసవాళ్లని ఆపడానికి తవ్విన సరిహద్దు కందకం కనిపించాక లేపబోయారు. "లేరా, దిగాలి." విల్కర్ చెంప మీద కొట్టాడు. తల పక్కకి వాలింది. నోటి పక్కన ఎర్రటి నురగ. యుస్లేది రెండు చేతులతో క్యాబిన్ రేకు బాదింది.

సెవెరో పైకెక్కి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. టోపీ తీశాడు.

"మేలుకునే ఉన్నాడన్నావు కదమ్మా."

ఆమె కోటు అంచుతో ఆ నురగ తుడిచింది.

"నిద్రపోతే నయమవుద్దనుకున్నాం," అన్నాడు విల్కర్. "మా వైపు అంతే."

"మీ వైపు పీల్చడానికి గాలి ఉంటుంది నాయనా." సెవెరో గొంతు తగ్గించాడు. "పోలీసులకి చెప్పక తప్పదు. శవాన్ని రేవుకే దించుతారు. మీరిద్దరూ ఇప్పుడే కందకం దాటేయండి."

"నువ్వు పో," అంది యుస్లేది విల్కర్‌తో. "నేను వీడితో కిందికి పోతా."

"పిచ్చిదానా, పట్టుకుంటారే!"

"పట్టుకోనీ. ఒక్కణ్ణే ఎలా పంపనూ?"

విల్కర్ ఏడుస్తూనే సంచీ భుజానేసుకుని దిగాడు. కందకం అంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఊళ్లో వాళ్లావిడకి ఏం చెప్పనే?"

గాలికి ఆమె గొంతు పెంచాల్సి వచ్చింది.

"నిద్రలో పోయాడని చెప్పు. హాయిగా అనొద్దు."