చొక్కా మీది నల్లపొడి

మా నాన్న క్లెమెంట్ చెట్టు తట్టి చూడకుండా కోసి, దాని కిందే నలిగి చచ్చిపోయాడని ఎస్సెక్విబో నది ఒడ్డున అందరికీ తెలుసు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఇరవై ఏళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను. కర్రపెండలం కల్లు కాసిరి తాగి నవ్వేవాళ్లూ అదే అంటారు, జాలిపడేవాళ్లూ అదే అంటారు. అందరికంటే ఎక్కువ అనేది నాకు చెట్టుకోత నేర్పిన మా బాబాయ్ సిప్రియనే.

"మూడు దెబ్బలు రా ఓస్వాల్డ్! మూడంటే మూడు! మీ నాన్నకి ఆ మాత్రం తీరిక లేకపోయింది మరి."

మా అడవిలో ఇప్పుడు ఇష్టమొచ్చినట్టు నరకనివ్వరు. గుర్తు వేసిన ఒకటీ అరా చెట్లే కోయాలి, పక్క చెట్లకు దెబ్బ తగలకూడదు, డొల్ల చెట్లను గబ్బిలాలకు వదిలేయాలి. ఇలా కోసిన చోట గబ్బిలాలు పెద్దగా తగ్గలేదని, వలలు కట్టి లెక్కపెట్టే మేడమ్ తెగ సంబరపడిపోతుంది. నాకా సంబరమేమీ లేదు. డొల్ల చెట్టు ఎటు విరుగుతుందో తెలియదు, కోసేవాడి ప్రాణం తీస్తుంది. అందుకే కోసేముందు తడతాను, డొల్లయితే బోలుగా మోగుతుంది.

ఆ రోజు పొద్దున గుర్తు వేసిన మోరా చెట్టును కత్తి వెనకవైపుతో మూడుసార్లు తట్టాను. బాబాయ్ చెవి ఆనించి విన్నాడు.

"నిండు చెట్టు. కానీయ్."

మిషన్ రంపం బెత్తెడు దిగిందో లేదో, ఎర్రటి పొట్టు ఆగిపోయి నల్లటి పొడి నా మీదికి చిమ్మింది. ఛీ, ఏం కంపు! తలెత్తితే పైనున్న తొర్రలోంచి పట్టపగలు గబ్బిలాలు బిలబిలమంటూ బయటికొస్తున్నాయి.

"డొల్లరా! ఆపు! పరిగెత్తు!"

రంపం ఆపి, లాగి, ఇద్దరం దూరంగా ఉరికాం. చెట్టు ఒక్కసారి కిర్రుమంది. దేవుడి దయ, పడలేదు.

కాస్త ఊపిరాడాక బాబాయ్ నా చొక్కా మీది నల్లపొడి వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"గబ్బిలాల పెంట. డొల్లంతా నిండి గట్టిపడింది. అందుకే నిండు చెట్టులా పలికింది." ఆ మాట అంటూనే కూలబడ్డాడు. "ఓరి దేవుడా... అన్నయ్యని బయటికి లాగినప్పుడు చొక్కా నిండా ఇదే రా. ఇదే నలుపు, ఇదే కంపు. బురద అనుకుని నా చేత్తో నేనే కడిగాను."

నేను వంగి చొక్కా మీది ఆ నలుపు చూసుకున్నాను.

"తట్టే ఉంటాడు రా మీ నాన్న. ఇవాళ నేను మోసపోయినట్టే మోసపోయాడు. అన్నయ్య కోసేటప్పుడు నేనక్కడ లేనైనా లేను. ఇన్నేళ్లూ ఎంతెంత మాటలన్నాన్రా వాణ్ణి!"

కోపం రావాలి నాకు. రాలేదు. ఇరవై ఏళ్ల బరువు దిగిపోయింది, ఇద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చాం. చెట్టు మీది గుర్తు బాబాయే చెక్కేసి, దాన్ని వదిలేయమని మేస్త్రీకి చెప్పాడు. మధ్యాహ్నం దూరంగా కూర్చుని కర్రపెండలం రొట్టె తింటుంటే, గబ్బిలాలు ఒక్కొక్కటే తొర్రలోకి తిరిగొచ్చాయి. 'తల్లుల్లారా, చల్లగా ఉండండి' అని చేతులు జోడించాను.

ఆదివారం కాసిరి దగ్గర ఎవడో మళ్లీ ఆ పాత నవ్వు మొదలుపెట్టాడు. బాబాయ్ చిప్ప కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"మా అన్న తట్టాడు," అన్నాడు. "మూడుసార్లు తట్టాడు."