వదులు బోల్టు

ఊరి నీళ్లగొట్టాలు చూసే ఆ ఫిట్టరును అందరూ అతుకులాయన అనేవారు. పెళ్లాం పోయాక చొక్కాకు కూడా తనే అతుకు వేసుకోవడంతో ఆ పేరు ఇంకా గట్టిగా అంటుకుంది.

పెద్దవీధి మలుపులో రోడ్డు కింద పాత ఇనపగొట్టం ఉంది. దాని అతుకు దగ్గర ఏటా కారేది. ఏటా అతను తవ్వి, రబ్బరు మార్చి, బోల్టులు బిగించేవాడు. ఆఖరి బోల్టు మాత్రం ఒక చుట్టు వదులుగా ఉంచేవాడు. కారిన నీళ్లు మట్టిలోంచి పల్లానికి దిగి ఒక గుంటలో చేరేవి. ఆ గుంట అతని వదినది. అన్న పోయాక ఆమె ఆ నీళ్లతోనే మొక్కలు పెంచి అమ్ముకుని బతికింది. కుళాయి పొద్దున కాసేపే వచ్చేది. అది గొంతు తడపడానికి చాలుతుంది గాని మొక్కలకు చాలదు. వదులుగా ఉంచమని ఆమె ఎన్నడూ అడగలేదు. ఉంచుతున్నానని అతనూ చెప్పలేదు. రాత్రి భోజనం మాత్రం వదిన ఇంట్లోనే.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఈ అతుకుల సంసారం ఇక చాలంది. మలుపు పొడవునా పాతది తీసేసి, యాభై ఏళ్లు ఆగే గొట్టం వెయ్యాలంది. అతుకులాయనకు ఇక కొత్త పేరు వెతకాలని కూలీలు నవ్వుకున్నారు.

తవ్వి చూస్తే గొట్టం కింద నేల లేదు. నీళ్లు ఏళ్ల తరబడి మట్టిని కొంచెం కొంచెంగా ఈడ్చుకుపోయాయి. రోడ్డు కింద మనిషి కూర్చునేంత గుల్ల, బొయ్యారం పడింది. పైన తారు పెంకులా నిలబడి ఉంది. ఆ పొద్దునే బడిపిల్లల బస్సు దాని మీదుగా పోయింది. ఇంజనీరమ్మ వంగి చూసి, పాతగొట్టం ఎంత పని చేసిందీ అని ఆశ్చర్యపోయింది. గొట్టం కాదని చెప్పడానికి అతను నోరు తెరవలేదు.

బొయ్యారాన్ని రాళ్లతో, మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి నింపారు. కొత్తగొట్టం దించారు. దాని కొసను పాత లైనుతో కలిపేచోట మళ్లీ బోల్టులే.

మధ్యాహ్నం కూలీలు నీడకు పోయినప్పుడు వదిన వచ్చి గట్టు మీద నిలబడింది.

“బిగిస్తున్నావా?”

“బిగించాలి కదా వదినా.”

“ఎప్పటిలాగే బిగించు.”

అతను బొయ్యారం సంగతి చెప్పాడు. బస్సు సంగతీ చెప్పాడు. ఆమె అంతా విన్నది. ఇన్నేళ్లూ కుంగని రోడ్డు ఇవాళే కుంగుతుందా అన్నది. ఇప్పుడు రాళ్లు పోసి గట్టి చేశారు గనక, మళ్లీ గుల్లబారేసరికి తామిద్దరూ ఉండరని తేల్చింది. ఆ లెక్క తప్పు కాదు.

“ఒక్క చుట్టు, మరిదీ. నా బతుకంతా ఆ చుట్టులోనే ఉంది.”

అతను ఆఖరి బోల్టుకు స్పానరు తగిలించి, ఇక తిరగనని అది మొరాయించేదాకా తిప్పాడు.

“రేపు నువ్వు మంచానపడితే గొంతులో గుక్కెడు నీళ్లు పోసే దిక్కెవరు?”

“నీళ్ల ఫిట్టరుకు ఆ కరువుండదులే వదినా.”

నవ్వించాలనే అన్నాడు. ఆమె నవ్వకుండా వెళ్లిపోయింది.

నీళ్లు వదిలారు. అతను అతుకు చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాడు. పొడిగా ఉంది. ఆ రాత్రి ఇంట్లోనే వండుకున్నాడు.

ఎత్తు మీది మేడల్లో మొదటిసారి పై అంతస్తు కుళాయిలకు నీళ్లెక్కాయి. జనం ఇంజనీరమ్మను మెచ్చుకున్నారు. పల్లాన గుంట ఎండి నెర్రెలు విచ్చింది. వదినకు ఇంకో నీటిదారి చూడమని ఇంజనీరమ్మను అడుగుదామనుకున్నాడు. అడిగితే, ఇన్నాళ్లూ ఆమెకు నీళ్లెక్కడివో చెప్పాలి. అడగలేదు.

చావగా మిగిలిన మొక్కల్ని అయినకాడికి అమ్మేసి, వదిన పక్కవీధి బట్టల కొట్లో ఊడ్చే పనికి కుదిరింది. పొద్దున్నే ఆ మలుపు మీదుగానే నడిచి వెళుతుంది. అతను ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి వారకు పోతుంది. రోడ్డు గట్టిగానే ఉంది.