పొట్టిమూతి కంగారూ, దాని పిల్ల

చూపు పోయాక వాల్ హార్క్‌నెస్ ఇల్లు కదలడం మానేశాడు. వరండాలో కూర్చుని, భార్య డల్సీ పెట్టింది తిని, అడిగినదానికి ఊఁ కొట్టి ఊరుకునేవాడు.

ఆ ఏడు ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో కురిసిన వానలకు వాళ్ల గొర్రెల మేతభూమిలో వాగు గట్టు విరిగి, ఎర్రమట్టిలోంచి పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. పట్నం మ్యూజియం నుంచి నోరీన్ అనే ఆవిడ మనుషులతో వచ్చి డేరా వేసింది. వేలవేల ఏళ్ల కిందటే అంతరించిపోయిన కంగారూ అట, నిలబడితే మనిషిని మించిన ఎత్తట.

డల్సీ ఈ కబురు చెబితే వాల్ మొహం తిప్పుకున్నాడు.

"గుడ్డోణ్ణి, నేనొచ్చి ఏం చూస్తానే?"

"చూడకపోతే మానెయ్. కాసేపు వాళ్లని విసిగించు, నాకు తెరిపిగా ఉంటుంది" అంటూ చెయ్యి పట్టుకుని బండెక్కించింది.

నోరీన్ అతన్ని ఎముకల చుట్టూ తవ్విన గోతిలో కూర్చోబెట్టి, అరచేతిని ఎముకల మీద ఆనించింది. వాల్ వేళ్లు మెల్లగా కదిలాయి. వెనకపాదానికి ఒకే ఒక్క లావుపాటి వేలు. ముందరికాళ్లకి కొమ్మలు వంచే కొక్కేల్లాంటి గోళ్లు. తల దగ్గర ఆగిపోయాడు.

"మూతి ఇంత పొట్టిదేంటి? అచ్చం మీ నాన్నే, డల్సీ."

అని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. మా నాన్న నీకన్నా అందగాడేలే అంది డల్సీ.

మర్నాటి నుంచి గోతి దగ్గరికి వెళదామని అతనే తొందరపెట్టేవాడు. కుంచెతో మట్టి దులిపే పని అతనికే వదిలారు. ఓరోజు తుంటి ఎముకల మధ్య చిటికెనవేలంత దవడ తగిలింది. తల్లి బురదలో దిగబడినప్పుడు సంచిలోని పిల్లా దాంతోనే పోయిందని నోరీన్ మెల్లగా చెప్పింది.

పిల్లను విడిగా పెట్టెలో తీసుకెళదామని మ్యూజియం వాళ్లనుకున్నారు. వాల్ ఆ దవడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇన్నాళ్లూ కలిసే ఉన్నాయి. విడదీయకండమ్మా."

నోరీన్ పైవాళ్లతో ఫోన్లో వాదించి ఒప్పించింది. తుంటినీ పిల్లనూ చుట్టూ ఉన్న మట్టితో సహా ఒకే దిమ్మగా ప్లాస్టర్ కట్టి, అనుకున్నదానికన్నా పెద్ద లారీ తెప్పించింది.

లారీ బయల్దేరినప్పుడు వాల్ భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"గతుకుల దగ్గర నెమ్మదిగా పొమ్మన్నావా?"

"డ్రైవరుకి రెండుసార్లు చెప్పాను. నవ్వుతున్నాడు."

"నవ్వితే నవ్వనీ" అన్నాడు వాల్. ఇంజను చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.